చాటున ఇచ్చిన కానుక



డిసెంబరు రాగానే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఎర్ర టోపీ, తెల్ల గడ్డంతో క్రిస్మస్ తాత మన పల్లెల్లోకి కూడా వచ్చేశాడు. పిల్లలు ఆయన వెంట పరుగెడతారు. పెద్దలు కొందరు "అయ్యగారూ, ఈ తాత బైబిల్లో ఉన్నాడా?" అని అడుగుతారు. లేడు. కానీ ఆ వేషం వెనుక నిజంగా ఒక దైవజనుడు ఉన్నాడు. ఆయన సంగతి తెలిస్తే మన పండుగ ఎక్కడ దారి తప్పిందో కూడా తెలుస్తుంది.

నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ దేశపు దక్షిణ తీరాన ఉన్న మైరా పట్టణంలో నికోలస్ అనే బిషప్ ఉండేవాడు. ఆయన గురించి ఆ కాలపు రాతలు మనకు దాదాపు మిగల్లేదు. అయితే సంఘం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన సంగతి ఒకటుంది. బాగా బతికి చితికిపోయిన ఒక తండ్రికి పెళ్లీడుకొచ్చిన ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇచ్చుకోలేడు, ఇల్లు గడవదు. చివరికి ఆ బిడ్డలను పాపపు వృత్తిలోకి పంపాల్సిన దుస్థితి వచ్చింది. కట్నం బాధ ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పక్కరలేదు.

నికోలస్ ఈ సంగతి విని, రాత్రివేళ వెళ్లి బంగారు మూట ఒకటి వాళ్ల కిటికీలోంచి లోపలికి వేసి వచ్చేశాడు. పెద్దపిల్ల పెళ్లి జరిగింది. రెండో పిల్లకూ, మూడో పిల్లకూ అలాగే చేశాడు. మూడోసారి ఆ తండ్రి కాపు కాసి, వెంబడించి పట్టుకుని, కాళ్ల మీద పడ్డాడు. తాను బతికున్నంత కాలం ఈ విషయం ఎవరికీ చెప్పవద్దని నికోలస్ ఆయన దగ్గర మాట తీసుకున్నాడట.

ప్రియులారా, మత్తయి 6వ అధ్యాయంలో ధర్మము రహస్యముగా చేయమని ప్రభువు నేర్పిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది?

నికోలస్ పేరున డిసెంబరు 6న పండుగ చేసే ఆచారం యూరప్ అంతా పాకింది. హాలండ్ పిల్లలు ఆయన్ని సింటర్‌క్లాస్ అని పిలిచి, కానుకల కోసం తమ బూట్లు పెట్టి నిద్రపోయేవారు. శాంటాక్లాజ్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. 1823లో అమెరికాలో ఒక పత్రికలో అచ్చయిన పద్యం ఆయనకు ఎనిమిది దుప్పుల బండి ఇచ్చింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు బొద్దుగా, గడ్డంతో ఆయన బొమ్మలు వేశాడు. అప్పటికే వ్యాపారులు క్రిస్మస్ విలువ కనిపెట్టారు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ మొదటి క్రిస్మస్ కార్డులు అచ్చువేయించి, ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మించాడు. 1931లో కోకాకోలా కంపెనీ తన ప్రకటనల కోసం హాడన్ సండ్‌బ్లోమ్ చేత తాత బొమ్మ వేయించింది. ఎర్ర బట్టలు ఆ కంపెనీయే తొడిగిందని కొందరు బోధిస్తారు, అది సరికాదు. అంతకు ముందే ఆయనకు ఎర్ర బట్టలున్నాయి. కంపెనీ చేసింది వేరు. చలికాలంలో కూడా కూల్‌డ్రింకు అమ్ముకోవడానికి ఆయన్ని వాడుకుంది. చాటుగా ఇచ్చి వెళ్లినవాడు అంగడి ముందు నిలబడి అమ్మేవాడయ్యాడు.

అయితే పండుగే మానేద్దామా? ఆ ప్రయత్నమూ జరిగింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్ విశ్వాసులు 1659లో చట్టం చేసి, క్రిస్మస్ చేసుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681లో ఆ చట్టం రద్దయింది. పండుగను ఆపినంత మాత్రాన ఇచ్చే మనసు పుట్టదు.

తప్పు వ్యాపారుల మీదే వేసి ఊరుకోలేను. పోయిన సంవత్సరం మన సంఘంలో విధవరాండ్రకు దుప్పట్లు పంచాము. ఫ్లెక్సీ కట్టాము. మైకులో ఒక్కొక్కరి పేరు పిలిచాము. ఫోటో కోసం దుప్పటి ఇంకాస్త పైకి పట్టుకోమన్నాము. ఒక ముసలితల్లి దుప్పటి అందుకుంటూ కొంగుతో ముఖం సగం కప్పుకుంది. ఆమెకు చలి తీరింది గానీ, నలుగురిలో ఆమె పేదరికాన్ని మనం చాటింపు వేశాము. ఆ పేరు పిలిచినవాణ్ణి నేనే. ప్రభువు నన్ను క్షమించును గాక.

పశువుల తొట్టిలో పుట్టిన ప్రభువును చూడటానికి ఆ రాత్రి వచ్చింది పొలంలో కావలి కాసే గొర్రెల కాపరులే. దేవుడు తన గొప్ప కానుకను అంత నిరాడంబరంగా ఇచ్చాడు.

కాబట్టి ఈ యేడు పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాము. స్టేజీ లేదు, ఫోటో లేదు. చీకటి పడ్డాక ఇద్దరిద్దరు చొప్పున ఇళ్లకు వెళ్లి, దుప్పటి ఇచ్చి, ప్రార్థన చేసి వచ్చేస్తాము. మీరు కూడా ఈ క్రిస్మస్‌కు ఒక్క కానుకైనా ఎవరికీ తెలియకుండా ఇచ్చి చూడండి. రహస్యమందు చూచే తండ్రికి అది తెలిస్తే చాలు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.