పేరును ధ్వనిని బట్టి వెతికే పద్ధతి - పెన్షనుతో దాని చుట్టరికం

పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే పెన్షనరు పడే యాతన మన సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. సర్వీసు రిజిస్టరులో ఒక స్పెల్లింగు, బ్యాంకు పాసుపుస్తకంలో మరొకటి, ఆధార్ కార్డులో ఇంకొకటి. మనిషి ఒక్కడే, కాగితాల మీద ముగ్గురు. ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. దీనికి ఒక ఉపాయం కంప్యూటర్లు రాకముందే వెలువడింది. అది గుమాస్తాల బల్లల మీద, అందులోనూ వృద్ధాప్య పెన్షను నిమిత్తం, పెద్ద ఎత్తున అమలు జరిగింది. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరవాసి రాబర్ట్ రస్సెల్ 1918 ఏప్రిల్ 2న ఒక పేటెంటు పొందారు. పేర్లను అక్షరక్రమంలో కాక ధ్వనిని బట్టి ఇండెక్సు చేయడం దాని సారాంశం. ఇదే తరువాత ‘సౌండెక్స్’గా ప్రసిద్ధి చెందింది. వాడుకలో స్థిరపడిన పద్ధతి ఇది: పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచాలి. తరువాతి అచ్చులను, హెచ్, డబ్ల్యు, వై అక్షరాలను వదలివేయాలి. బి, ఎఫ్, పి, వి లకు 1, సి, జి, జె, కె, క్యు, ఎస్, ఎక్స్, జెడ్ లకు 2, డి, టి లకు 3, ఎల్‌కు 4, ఎమ్, ఎన్ లకు 5, ఆర్‌కు 6. ఒకే అంకె గల అక్షరాలు పక్కపక్కన వస్తే ఒక్కసారే వేయాలి. మూడు అంకెలతో ఆపాలి. చాలకపోతే సున్నాలు చేర్చాలి. స్మిత్ అనే పేరును ‘ఐ’తో రాసినా, ‘వై’తో రాసినా ఎస్ 530 అవుతుంది.

1935 ఆగస్టు 14న అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. 65 ఏళ్లు నిండినవారికి పెన్షను ఇవ్వాలంటే వయస్సు రుజువు కావాలి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ చాలా రాష్ట్రాలలో జనన రిజిస్టర్లు సక్రమంగా లేవు. మిగిలిన ఆధారం పాత జనాభా లెక్కలు. అందుకని ఆర్థిక మాంద్యంలో పనిలేనివారికి ఉపాధి కల్పించే ప్రభుత్వ పథకం కింద ఆ లెక్కలకు సౌండెక్స్ కార్డులు రాయించారు. 1880 నాటి లెక్కలలో పది సంవత్సరాలు, అంతకు లోపు పిల్లలున్న ఇళ్లకు మాత్రమే కార్డులు వేశారు. కారణం స్పష్టమే. ఆ పిల్లలే ఇప్పుడు పెన్షను వయస్సుకు వస్తున్న వృద్ధులు!

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కోడు కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్లు కాదు. ఒక కోడు కింద ఎన్నో కుటుంబాల కార్డులుండేవి. వాటిలో సొంత పేరు, వయస్సు, ఊరు, ఇంటిలోని ఇతరుల పేర్లు సరిచూసి అసలు వ్యక్తిని గుర్తించాలి. కార్డు దారి చూపేది, తీర్పు మనిషిదే.

తరువాత ఈ విధానం కంప్యూటర్లలోకి వచ్చింది. 1965లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవెన్‌స్టీన్ మరో లెక్క చెప్పారు. ఒక మాటను మరొక మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసివేయాలి, మార్చాలి అన్నదే ఆ లెక్క. 1985లో డెయిచ్, మొకొటాఫ్ అనేవారు తూర్పు ఐరోపా యూదుల పేర్లకు తగినట్లు సౌండెక్సును సవరించారు. ఒక జాతి పేర్లకు కుట్టిన చొక్కా మరొక జాతికి సరిపోదని అర్థం.

మన పేర్లకు వేసి చూద్దాం. లక్ష్మిని ‘కె-ఎస్-హెచ్’తో రాసినా, ‘ఎక్స్’తో రాసినా ఎల్ 250 వస్తుంది. సత్యనారాయణలో ‘టి’ పక్కన ‘హెచ్’ ఉన్నా లేకున్నా ఎస్ 356. ఇంతవరకు బాగానే ఉంది. కాని వెంకటరావు, వెంకటేశ్వర్లు, వెంకటమ్మ ముగ్గురికీ వి 523 వస్తుంది! జ్ఞానేశ్వర్‌ను ఒకరు ‘జి’తోను, ఒకరు ‘జె’తోను మొదలుపెడితే ఒకే మనిషికి రెండు కోడులు. లెవెన్‌స్టీన్ లెక్క కూడా పూర్తిగా ఆదుకోదు. ఇంగ్లీషులో రమకు, రాముకు ఒక్క అక్షరమే తేడా; లక్ష్మి రెండు స్పెల్లింగులకు మూడు తేడాలు. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరాలా పూర్తి పేరా అన్న చిక్కులు వేరే. తెలుగు లిపిలో ఒకే విధంగా రాసుకునే పేరుకు ఈ కష్టాలన్నీ ఇంగ్లీషులోకి దింపినప్పుడే వస్తున్నాయి.

కాబట్టి యంత్రం ‘కలవలేదు’ అన్నంత మాత్రాన పెన్షనరు అబద్ధమాడినట్లు కాదు. ‘కలిసింది’ అన్నా అంతటితో రుజువైనట్లు కాదు. తొంభై ఏళ్ల కిందటి గుమాస్తాలు చేసినట్లే పుట్టిన తేదీ, తండ్రి పేరు, సర్వీసు వివరాలు సరిచూసి మనిషే నిర్ణయించాలి. అలా అడగడం మన హక్కు. ఇక మనవంతుగా, పి.పి.ఓ.లోను, బ్యాంకులోను, ఆధార్‌లోను మన పేరుతో పాటు భార్య లేక భర్త పేరు కూడా ఒకే స్పెల్లింగులో ఉన్నదా అని ఓపిక ఉన్నప్పుడే చూసుకుని సరిచేయించుకోవడం మంచిది. ఫ్యామిలీ పెన్షను అవసరం పడే రోజున ఆ కాగితాలు పట్టుకుని తిరగవలసింది మనం కాదు, మన వెనుక మిగిలినవారు.