మూత్రనాళ ఇన్ఫెక్షన్: నిర్ధారణ, చికిత్సల చరిత్ర

మూత్రపిండాల నుంచి మూత్రద్వారం దాకా ఎక్కడైనా సూక్ష్మజీవులు చేరి జబ్బు చేస్తే దాన్ని మూత్రనాళ ఇన్ఫెక్షన్ అంటారు. చాలా కేసుల్లో కారణం పేగుల్లో కాపురముండే ఈ-కోలై. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే గొట్టం మగవాళ్లలో సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే. సూక్ష్మజీవికి దారి దగ్గర కావడంతో ఈ బాధ స్త్రీలకే ఎక్కువ. మూత్రంలో మంట పుడితే తెలుగు ఇళ్లలో ‘వేడి చేసింది’ అంటారు, బార్లీ నీళ్లో సబ్జా నీళ్లో ఇస్తారు. నీళ్లు చాలకపోయినా మంట వస్తుంది కాబట్టి ఆ వైద్యం పూర్తిగా తీసిపారేసేది కాదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి కనబడితే మాత్రం ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి ఉండవచ్చు. ఇక బార్లీతో ఆగదు.

ఆయుర్వేదం ఈ బాధను మూత్రకృచ్ఛ్రం అంది. చరక, సుశ్రుత సంహితలు రెండూ దాన్ని 8 రకాలుగా విభజించాయి; మందుల్లో పల్లేరుకు పెద్దపీట. మధ్యయుగపు యూరప్‌లో వైద్యుడు మూత్రాన్ని గాజు బుడ్డిలో పట్టి, వెలుతురుకు ఎత్తి, రంగు చూసి రోగం చెప్పేవాడు. 1506లో ఉల్రిక్ పిండర్ అచ్చువేయించిన పుస్తకంలో 20 మూత్ర వర్ణాల చక్రం ఉంది. కాలక్రమంలో రోగిని చూడకుండా బుడ్డిని మాత్రమే చూసి జాతకం చెప్పేవాళ్లు తయారయ్యారు. 1637లో థామస్ బ్రయన్ వాళ్లను ఎండగడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

మూత్రంలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయని 1860లలో లూయీ పాశ్చర్ గమనించాడు. థియొడోర్ ఎషెరిక్ 1885లో పసిపిల్లల మలంలో ఈ-కోలైని వర్ణించాడు, 1894లో పిల్లల మూత్రాశయ వాపులోనూ దాన్నే పట్టుకున్నాడు. దోషి దొరికాడు గానీ చిక్కు తీరలేదు. మూత్రం బయటికి వచ్చేటప్పుడు చర్మం మీది క్రిములు అందులో కలుస్తాయి. క్రిములను పెంచి చూసే కల్చర్‌లో ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది. మరి అది రోగమా, మైలా?

దీనికి అంకెల్లో జవాబు చెప్పినవాడు అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్. 1956లో ఆయన మిల్లీలీటరుకు 1,00,000 బాక్టీరియా అనే గీత గీశాడు: అంతకు మించితే ఇన్ఫెక్షన్, బాగా తక్కువైతే బయట కలిసిన మలినం. ల్యాబుల్లో ఈ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. మిల్లీలీటరులో వెయ్యో వంతు పట్టే సన్నటి తీగ చుట్టను మూత్రంలో ముంచి, క్రిములు పెరిగే జెల్లీ పలక మీద గీసి, రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. పొద్దుటికి నీలిపచ్చ పలక మీద ఈ-కోలై పసుపు చుక్కలుగా మొలుస్తుంది. నూరు చుక్కలుంటే లక్ష అన్నమాట. ఎండాకాలం శాంపిల్‌ను రెండు గంటలు బల్ల మీదే వదిలేస్తే డబ్బాలోనే క్రిములు పిల్లలు పెట్టి, లేని రోగం రిపోర్టుకు ఎక్కుతుంది. మొదటి ధార వదిలి మధ్య ధార పట్టమనడం, వెంటనే అందించమనడం అందుకే.

ఆ గీతకు సవరణా వచ్చింది. మంట, మాటిమాటికి మూత్రం ఉన్న స్త్రీలలో 100 ఉన్నా రోగమే కావచ్చని 1982లో వాల్టర్ స్టామ్ బృందం చూపింది. ఏ బాధా లేనివాళ్లలో లక్ష కనబడినా, గర్భిణులను, మూత్రమార్గంలో ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లను మినహాయిస్తే, సాధారణంగా మందు అక్కర్లేదు. సీయూఈ (మామూలు మూత్రపరీక్ష) రిపోర్టులో ‘పస్ సెల్స్’ (చీము కణాలు) పక్కన అంకె చూసి నేరుగా మందుల షాపుకు పరుగెత్తడం బుడ్డి జోస్యానికి కొత్త రూపమే.

మందుల వరస 1890లలో మెథెనమిన్‌తో మొదలవుతుంది. పుల్లటి మూత్రంలో అది ఫార్మాల్డిహైడ్‌గా విడిపోయి క్రిములను చంపుతుంది. 1930లలో సల్ఫా మందులొచ్చాయి. వాటి కిటుకు ఫోలిక్ ఆమ్లంలో ఉంది: మనం దాన్ని ఆకుకూరల నుంచి తెచ్చుకుంటాం, బాక్టీరియా మాత్రం సొంతంగా వండుకోవాలి. సల్ఫా ఆ వంటనే చెడగొడుతుంది. ఆ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే వంటలో తర్వాతి మెట్టును అడ్డుకునే ట్రైమెథోప్రిమ్ శాస్త్రవేత్తలైన హిచింగ్స్, ఎలియన్‌ల పరిశోధనల ఫలం. అది సల్ఫాతో జతకట్టి 1968లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. మన మందుల షాపుల్లో సెప్ట్రాన్ అంటే ఈ జోడీయే.

నైట్రోఫ్యూరాంటోయిన్ 1953లో వచ్చింది. మలేరియా మందు క్లోరోక్విన్ తయారీలో పక్క పదార్థంగా తేలిన దాని నుంచి 1962లో నాలిడిక్సిక్ ఆమ్లం పుట్టింది; నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ దాని వారసులే. చవకగా, చీటీ లేకుండా దొరికిన ఈ వారసులు త్వరగానే పదును కోల్పోయారు. బాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 జన్యువును మొదట గుర్తించింది కూడా మూత్రంలోనే: ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్లిన ఒక రోగికి 2008లో స్వీడన్‌లో పరీక్ష చేసినప్పుడు.

దాంతో చూపు పాత మందుల వైపు మళ్లింది. నైట్రోఫ్యూరాంటోయిన్ మళ్లీ మొదటి వరసలోకి వచ్చింది. మందులే కాదు, నీళ్లూ పనికొచ్చాయి: తక్కువ నీళ్లు తాగే అలవాటుండి, ఇన్ఫెక్షన్ తిరగబెడుతున్న స్త్రీలు రోజూ మరో లీటరున్నర తాగితే అది దాదాపు సగానికి తగ్గిందని 2018లో ఒక పరీక్ష తేల్చింది. పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్‌ను ఆపడంలో మెథెనమిన్ రోజువారీ యాంటీబయాటిక్‌కు తీసిపోదని 2022లో బ్రిటన్‌లో తేలింది. ఫార్మాల్డిహైడ్‌ను తట్టుకోవడం క్రిములు ఇంకా పెద్దగా నేర్వలేదు.