చమురెక్కువై ఆరిన దీపం

ఆరిపోయే ముందు దీపం వెలుగు పెరుగుతుందంటారు. 2010 ఏప్రిల్ 20 రాత్రి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, చమురుబావులు తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద బల్బులు అలాగే వెలిగాయి. కాకపోతే మన ప్రమిద చమురు అయిపోయి ఆరుతుంది. అది చమురెక్కువై ఆరింది.

దాని వైభోగం తక్కువది కాదు. 2001లో దక్షిణ కొరియాలో తయారైంది. ఆ రాత్రికి ఏడు నెలల ముందే 35 వేల అడుగులు దాటి తవ్వింది. అప్పటికి అంత లోతైన చమురుబావి లేదు. లంగరు వేసేది కాదు. ఐదు వేల అడుగుల నీటి మీద, డీజిల్ ఇంజన్లు ఇచ్చే కరెంటుతో థ్రస్టర్లు తిప్పుకుంటూ నిలబడేది. ఏడేళ్లుగా పని మానాల్సినంత దెబ్బ ఎవరికీ తగల్లేదని మెచ్చుకోవడానికి కంపెనీ పెద్దలు ఆ రోజే వచ్చారు. వాళ్లతో కలిపి 126 మంది.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక, రిగ్గు కిందున్న మకాండో బావి తిరగబడింది. బురద ఎగజిమ్మింది, వెనకే గ్యాసు. ఇంజన్లు పీల్చే గాలిలో అదీ కలిసింది.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. వేగానికి కళ్లెం డీజిల్ కొలతే. గాలే ఇంధనమయ్యాక తాళం తిప్పినా, డీజిల్ కట్టేసినా ఆగదు. మందు ఒక్కటే: ఊపిరి బిగించాలి. గాలి దారికి మూత పడాలి. అరచెయ్యి అడ్డం పెడితే చెయ్యే పోవచ్చు.

గ్యాసు తగలగానే ఆ ఊపిరి దానంతటదే బిగిసేలా అక్కడ అమర్చలేదు. ఇంజన్లు ఆగితే రిగ్గు చోటు తప్పుతుంది. అందుకే ఆ నిర్ణయం మనుషులకు వదిలారు. మనుషులకు దొరికినవి కొద్ది నిమిషాలు.

రిగ్గును నిలబెట్టిన ఇంజన్లే హోరెత్తాయి. బల్బులు భగ్గుమని పగిలాయి. చీకటి. వెంటనే పేలుడు. నిప్పు ఇంజను గదుల దగ్గరే అంటుకుని ఉంటుందని విచారణలు అన్నాయి. 11 మంది పోయారు. ఒక్కరి శరీరమూ దొరకలేదు. రిగ్గు 36 గంటలు మండి, 22 ఉదయం మునిగింది. బావి 87 రోజులు చమురు కక్కింది.

మన ఇళ్లలో దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఈ దీపానికి ఎక్కడానికి కొండ లేదు. తాను నిలిచిన నీళ్లలోకే, ఐదు వేల అడుగులు దిగిపోయింది.