డెంప్సీ–టన్నీ పోటీ (1927)

1927 సెప్టెంబరు 22న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో జీన్ టన్నీ, జాక్ డెంప్సీల మధ్య జరిగిన ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ పోటీ. ‘లాంగ్ కౌంట్’ పేరుతో ప్రసిద్ధం. 1926లో ఫిలడెల్ఫియాలో డెంప్సీని ఓడించి టన్నీ గెలుచుకున్న టైటిల్ కోసం ఈ 10 రౌండ్ల పోటీ జరిగింది.

ఏడో రౌండులో వరుస దెబ్బలకు టన్నీ తాళ్ల పక్కన కూలబడ్డాడు. పడగొట్టిన బాక్సరు తటస్థ మూలకు వెళ్లాకే లెక్కపెట్టాలన్నది నిబంధన. డెంప్సీ వెంటనే వెళ్లకపోవడంతో రిఫరీ డేవ్ బారీ అతను కదిలాకే ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు. తొమ్మిది అనేసరికి టన్నీ లేచాడు. అప్పటికి సుమారు 14 సెకన్లు గడిచాయి. ఎనిమిదో రౌండులో అతను డెంప్సీని కొద్దిసేపు పడగొట్టి, చివరికి పాయింట్ల మీద టైటిల్ నిలబెట్టుకున్నాడు.

అదనపు సెకన్లే టన్నీని కాపాడాయన్నది డెంప్సీ అభిమానుల వాదన. ముందే లేవగలిగేవాడినని టన్నీ చెప్పాడు. డెంప్సీకి ఇదే చివరి టైటిల్ పోటీ. టన్నీ 1928లో రిటైరయ్యాడు.