ఇరవై ఎనిమిది రోజుల గడువు

బస్తర్ వారపు సంతకు వెళ్తే కుప్పలుగా పోసిన ఆకుకూరలు కనిపిస్తాయి. మన గోంగూరను అక్కడ అమారీ భాజీ అంటారు. మునగాకు ముంగా భాజీ. తగిరిసాకు చరోటా. దేవకాంచనం లేత చిగుళ్లు కోలియారీ. ఆకుకూరల్లో ఫోలేట్ అనే బి విటమిన్ ఉంటుంది. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఆ పేరే ఈ విటమిన్‌కు వచ్చింది. తల్లి కడుపులో బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగా రూపొందడానికి ఇది అవసరం.

ఇన్ని ఆకుకూరలు తినేచోట గర్భిణికి ఫోలిక్ ఆమ్లం మాత్ర ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఒక కారణం వంటింట్లో ఉంది. ఫోలేట్ నీటిలో కరుగుతుంది, వేడికి నశిస్తుంది. ఆకును ఉడికించి నీరు పారబోస్తే విటమిన్ చాలావరకు ఆ నీటితోనే పోతుంది. ఎండబెట్టి దాచుకున్న ఆకులోనూ తగ్గిపోతుంది. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. అది కాలానికి సంబంధించినది. దాన్ని తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

బొంబాయిలో మొదలైన కథ

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు గర్భిణులుగా ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనత వచ్చేది. వారి ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో పెద్దవిగా ఉండేవి. ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బు కాదని, తిండిలో లోపమని విల్స్ గుర్తించింది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో ఎలుకల మీద కూడా ప్రయోగాలు చేసింది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే గర్భిణులు కోలుకుంటున్నారని విల్స్ 1931లో ప్రకటించింది. అందులో ఏదో ఉంది. అదేమిటో ఎవరికీ తెలియదు. దాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అన్నారు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని రాబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. టన్నుల ఆకు నుంచి చిటికెడు వస్తే రోగులకు ఏం చాలుతుంది? దాన్ని కృత్రిమంగా తయారుచేయాలి.

భీమవరం శాస్త్రజ్ఞుడు

ఆ పని సాధించిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్లారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయన కూడా ఆ జబ్బు నుంచి చావు తప్పించుకున్నవారే. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన తరువాత ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషణ చేసింది. మరుసటి ఏడు దాని అణునిర్మాణాన్ని వెల్లడించింది. స్ప్రూ వ్యాధికి అది మంచి మందని త్వరలోనే రుజువైంది.

అదే ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులను కూడా తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947-48లో దానిని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బును కొంతకాలం అణచగలిగాడు. ఫోలేట్ అందకుండా చేస్తే వేగంగా విభజన చెందే కణాలు ఆగిపోతాయి. మరి పిండంలోని కణాలు? అవీ వేగంగా విభజన చెందేవే. 1950ల మొదట్లో అమినోప్టెరిన్ తీసుకున్న కొందరు గర్భిణుల విషయంలో ఆ గర్భాలు నిలవలేదు. కొన్ని పిండాలు వైకల్యాలతో కనిపించాయి. ఫోలేట్‌కూ పిండ నిర్మాణానికీ సంబంధం ఉందనడానికి అది భయంకరమైన సాక్ష్యం.

మూసుకోవలసిన గొట్టం

కణం రెండుగా చీలాలంటే ముందు తన డి.ఎన్.ఎ.కు నకలు తీసుకోవాలి. డి.ఎన్.ఎ. తయారీకి ఒక్కొక్క కార్బన్ ముక్కను మోసుకొచ్చి అందించే కూలీ ఫోలేట్. కూలీలు చాలకపోతే పని కుంటుపడుతుంది.

ఫలదీకరణ జరిగిన మూడో వారంలో పిండం వీపు భాగాన ఒక పలక ఏర్పడుతుంది. దాని అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి గొట్టంలా మూసుకుంటాయి. అదే నాడీ నాళం. పై భాగం మెదడవుతుంది, కింది భాగం వెన్నుపాము. ఈ మూత సుమారు ఇరవై ఎనిమిదో రోజుకు పూర్తి కావాలి. పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. అలాంటి బిడ్డ బతకదు. కింద మూసుకోకపోతే స్పైనా బైఫిడా వస్తుంది. బిడ్డ బతికినా కాళ్లు చచ్చుబడవచ్చు, మూత్రంపై అదుపు ఉండకపోవచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. నెల తప్పిందని స్త్రీ గమనించేసరికి పిండం వయసు సుమారు రెండు వారాలు. మిగిలిన గడువు మరో రెండు వారాలే. ఆమె ఆస్పత్రికి వెళ్లి పేరు నమోదు చేయించుకునే సమయానికి చాలాసార్లు ఆ గొట్టం మూసుకోవడమో, మూసుకోకపోవడమో జరిగిపోయి ఉంటుంది.

1991లో వచ్చిన తీర్పు

లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మితెల్స్ 1965లోనే ఈ లోపాలకూ తల్లిలో ఫోలేట్ జీవక్రియకూ సంబంధం ఉందని సూచించారు. రుజువు కోసం బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో, 33 కేంద్రాల్లో పరీక్ష జరిపింది. ఇంతకుముందు ఇటువంటి లోపమున్న బిడ్డను కన్న 1817 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. గర్భానికి ముందునుంచే కొందరికి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఇచ్చినవారి గర్భాల్లో లోపాలు 6, ఇవ్వనివారిలో 21. అంటే 72 శాతం రక్షణ. ఫలితం ఇంత స్పష్టంగా ఉండడంతో 1991లో పరీక్షను ముందే ఆపేశారు. తొలిసారి గర్భం దాల్చేవారికీ రక్షణ ఉంటుందని మరుసటి ఏడు హంగేరీలో చైజెల్ చూపాడు. అన్ని లోపాలకూ కారణం ఫోలేట్ కొరత కాదు. మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు, వంశపారంపర్యం కూడా కారణాలే. అయినా ఇంత చవకగా నివారించగల పుట్టుక లోపాలు చాలా తక్కువ.

మళ్లీ బస్తర్‌కు

మన దేశంలో 1970 నుంచి గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తున్నారు. రక్తహీనతకు అవి మంచివే. నాడీ నాళం విషయంలో మాత్రం అవి ఆలస్యంగా అందేవి. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ వచ్చింది. బస్తర్ అడవి పల్లెల్లో గర్భిణిని ముందుగా పలకరించేది తరచుగా మితానినే. ఆమె ఎంత త్వరగా వచ్చినా ఇరవై ఎనిమిది రోజుల్లోపు రావడం కష్టం.

అందుకే విటమిన్‌ను తిండిలోనే కలపాలన్న ఆలోచన వచ్చింది. అమెరికా 1998 నుంచి ప్రతి 100 గ్రాముల పిండిలో 140 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేసింది. బస్తర్ ప్రాంతంలోని కొండగావ్ జిల్లాలో 2020లో రేషన్ బియ్యంతో పోషకాలు కలిపిన బియ్యం పంపిణీ మొదలైంది. 2024 మార్చి నాటికి దేశమంతటా ప్రభుత్వ పథకాలకు అది విస్తరించింది. మన ప్రమాణం ప్రకారం కిలో బియ్యంలో ఉండేది 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే లభించేది 30 నుంచి 50. గర్భానికి ముందు కావలసింది రోజుకు 400! పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో 500 ఉంటుంది. వారపు మాత్రలో 2800 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బియ్యం, వారపు మాత్ర రక్తానికి సాయపడతాయి గాని ఈ గడువుకు చాలవు.

బస్తర్‌లో మరో చిక్కు సికిల్ సెల్ జబ్బు. ఆ రోగుల ఎర్రకణాలు త్వరగా నశించి, కొత్తవి నిరంతరం తయారవుతుంటాయి కనుక ఫోలేట్ అవసరం ఎక్కువ. వారి మోతాదును వైద్యులే నిర్ణయించాలి.

మీ ఇంట్లో అక్కకో వదినకో పెళ్లయి పిల్లలు కావాలనుకుంటుంటే ఈ సంగతి చెప్పండి. ఫోలిక్ ఆమ్లం మాత్ర నెల తప్పాక అడిగేది కాదు, అంతకు ముందే ఆరోగ్య కేంద్రంలో అడిగి మొదలుపెట్టవలసినది. ఆ మాత్ర తయారయి ఎనభై ఏళ్లు అయింది. అది సకాలంలో అందడమే మిగిలింది.