కొండాపురపు మట్టిబొమ్మలు: ఒక ప్రాచీన నగర చిత్రము

ఒక నగరము నశించిన పిదప దాని రూపును మనకు చూపునది ఏది? ఈజిప్టు దేశపు సముద్రతీరమున, అలెగ్జాండ్రియా నగరమందు వెలసిన ఫారోస్ దీపస్తంభము ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో నొకటి. 14వ శతాబ్దపు భూకంపములలో అది శిథిలమైపోయినది. అయినను దాని ఆకృతి మనకు కొంత తెలియును. రోమను చక్రవర్తుల కాలమున ఆ నగరమందే ముద్రింపబడిన నాణెములపై ఆ దీపస్తంభపు బొమ్మ ఉండుటయే అందులకు ఒక ముఖ్యాధారము. అంతటి కట్టడము కూలిపోగా, అరచేతిలో ఇముడు నాణెము దాని రూపును నిలిపియుంచినది.

ఇట్లు చిన్న వస్తువులలో తన చిత్రమును దాచుకొన్న నగరము మనకు సమీపముననే యొకటి కలదు. అమీన్‌పూర్ చెరువుగట్టు నుండి బయలుదేరి, పటాన్‌చెరువు కర్మాగారముల మీదుగా పడమరగా సంగారెడ్డిని దాటిపోయినచో కొండాపురము వచ్చును. హైదరాబాదు నగరమున ఇదే పేరుగల పేట వేరు. ఈ కొండాపురము రాజధానికి సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్నది. త్రోవలోని పటాన్‌చెరువు కూడ సామాన్యమైన ఊరు కాదు. పొట్టలకెరె యను పేర అది 11వ శతాబ్దమున పశ్చిమ చాళుక్య రాజైన జయసింహుని రాజధానులలో నొకటిగా వెలుగొందినది. కొండాపురము అంతకు వేయి యేండ్లు పెద్దది.

ఊరి చెంతనున్న కోటగడ్డ యను దిబ్బయే ఆ పురాతన పట్టణము. 1940వ దశకపు తొలి సంవత్సరములలో, హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖకు అధ్యక్షుడైన గులాం యజ్దానీగారు ఇచ్చట త్రవ్వకములు జరిపించి, దీనిని క్రీ.పూ. 200 మొదలు క్రీ.శ. 200 వరకు వర్ధిల్లిన ఆంధ్ర పట్టణముగా పండితలోకమునకు పరిచయము చేసిరి. 2009లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారు తిరిగి త్రవ్వకములు చేపట్టిరి. ఆంధ్రులకు కోటగోడలు గల ముప్పది పట్టణములు కలవని రోమను రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దమున వ్రాసెను. కొండాపురము వానిలో నొకటియై యుండునని కొందరి ఊహ.

ఈ పట్టణము తన వీధులను, మేడలను చిత్రించి మనకు విడిచిపోలేదు. ఇటుక పునాదులే మిగిలినవి. కాని దాని ముఖములు మిగిలినవి. తెల్లని సుద్దమన్నుతో చేసిన స్త్రీపురుషుల శిరస్సులు, జంతువుల బొమ్మలు ఇచ్చట విశేషముగా లభించినవి. వీనిని చేసిన పద్ధతి గమనింపదగినది. ముందుభాగమునకు ఒక అచ్చు, వెనుకభాగమునకు మరియొక అచ్చు ఉండెడివి. రెండింటను మట్టిని వేరువేరుగా ఒత్తి, ఆ చిప్పలను అతికి, ఆరబెట్టి కాల్చెడివారు. లోపల బోలుగా నుండుటచే బొమ్మ తేలికగా నుండుటయే కాక, కాలునప్పుడు పగులు భయము తగ్గును.

ఆ శిరస్సుల కేశాలంకరణ వైవిధ్యము చూచువారికి ఆశ్చర్యము గొల్పును. ముడులు, పాపిటలు, తలపై నగలు, చెవులకు కమ్మలు చిత్రకారుని శ్రద్ధను తెలుపుచున్నవి. అయితే వీనిని ఆనాటి ఫలానా వ్యక్తుల ప్రతిరూపములని తలపరాదు. అచ్చుతో చేసిన బొమ్మ ఒకటితో ఆగదు. ఒకే ముఖము పెక్కు ఇండ్లకు చేరును. కావున ఇవి ఒక్కొక్కరి పోలికను గాక, ఆ పట్టణ ప్రజలు దేనిని అందమని మెచ్చి కోరుకొనిరో దానిని చూపుచున్నవి. రాజుల శాసనములు చెప్పని మాట ఇది.

నాణెములు మరియొక చిత్రమును చూపును. గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి మున్నగు సాతవాహన ప్రభువుల నాణెములు ఇచ్చట దొరికినవి. వీనితోపాటు రోమను నాణెముల ముద్రను అనుకరించి మట్టితో చేసిన పతకములు కూడ లభించుట వింత. దూరదేశపు చక్రవర్తి ముఖము మన కుమ్మరి చేతిలో ఆభరణమైనది! బంగారు నాణెమును కొనలేనివారు దాని మట్టి నకలునైనను ముచ్చటపడి ధరించి యుందురు.

ఆ కాలమున అలెగ్జాండ్రియా వర్తకుల సరకులు నైలునది మీదుగా ఎఱ్ఱసముద్రపు రేవులకు చేరి, అచ్చటినుండి ఋతుపవనముల సాయమున మన దేశమునకు వచ్చెడివి. సరకులతోపాటు వార్తలును ప్రయాణము చేసినవి. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో గ్రంథరచన చేసిన టాలమీ, పైఠాను నగరము ‘సిరో పొలెమైయోస్’ అను రాజునకు నివాసమని వ్రాసెను. అతడే మన సిరి పులుమావి. ఉత్తరాఫ్రికా నగరమున కూర్చుండిన పండితుడు వ్రాసిన పేరే కొండాపురపు మట్టిలోని నాణెముపై కనబడినది. ఒక సాక్షి వ్రాతలో పలికినాడు, మరియొక సాక్షి లోహముపై పలికినది.

ఇందు మేము ముఖ్యముగా విన్నవించునది యొకటి కలదు. ఈ వస్తువుల విలువ వాని లోహములో లేదు. అవి దొరికిన చోటులో నున్నది. సాతవాహనుడను రాజు పేరుగల నాణెములు కొండాపురమున లభించుట ఆ వంశపు మూలమును గురించిన చర్చలో గొప్ప సాక్ష్యమైనది. ఆ నాణెమే ఏ అంగడిలోనో చేతులు మారి, ఎచ్చట దొరికినదో తెలియకున్నచో, పేరు మిగులును గాని ఊరు పోవును. మట్టిపొరను చెదరగొట్టి తీసిన బొమ్మ అందముగానే యుండును. కాని తన కాలమును తాను చెప్పజాలదు.

నేడు అమీన్‌పూర్, పటాన్‌చెరువు ప్రాంతములందు పునాదులు త్రవ్వని దినము లేదు. యంత్రము ఒక పూటలో తొలగించు మట్టి కొన్నిచోట్ల వేయి యేండ్ల పొరయై యుండవచ్చును. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినచో కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. చట్టపు విలువకు అందని పాత ఇటుకను, పెంకును, బొమ్మ ముక్కను గూర్చి పురావస్తు శాఖవారికి ఒక మాట తెలుపుట పౌరధర్మము.

కొండాపురమున దిబ్బ చెంతనే ప్రదర్శనశాల కలదు. పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఆదివారము పోయి చూడదగిన చోటు అది. అచ్చట అద్దము వెనుకనున్న తెల్లని చిన్న ముఖములు రెండువేల యేండ్ల నాటి మన పొరుగువారి అభిరుచిని తెలుపును. ఫారోస్ స్తంభమును చిన్న నాణెము గుర్తుంచుకొన్నట్లే, కోటగడ్డను ఈ మట్టిబొమ్మలు గుర్తుంచుకొన్నవి. వానిని దొరికిన చోటుతో సహా కాపాడుకొనుట మన వంతు.