యంత్రం వచ్చింది, విద్య రాలేదు

ఆత్మకూరు నుండి ఉదయగిరికి పోయే దారిలో ఒక పల్లె బడి ముందు చేతిపంపు ఉంది. దానికి ఎర్రరంగు పూశారు. ఈ నీళ్ళు తాగరాదని దాని అర్థం. ఆ బడి పిల్లల్లో కొందరి పళ్ళ మీద గోధుమరంగు చారలు చూశాను. ఆ చారలకొక చరిత్ర ఉంది. అది నేల చరిత్ర మాత్రమే కాదు. సంపన్న దేశాల సాంకేతిక పరిజ్ఞానం బీదవాని గుమ్మానికి ఏ రూపంలో వస్తుందన్న చరిత్ర కూడా.

ఈ మెట్టసీమ రాళ్ళలో ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలున్నాయి. రాతి నెర్రెల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు దాన్ని కరిగించుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని చిన్ననాటి నుండి తాగితే పళ్ళు చెడతాయి. మోతాదు బాగా పెరిగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మనదేశంలో మనుషులకు సోకిన ఈ వ్యాధిని మొదట శాస్త్రీయంగా వర్ణించింది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఆ పరిశోధనను ప్రకటించారు. వలస ప్రభుత్వ కాలంలో వ్యాధికి పేరు దొరికింది. రోగికి మంచినీరు దొరకలేదు.

1967 నుండి, ఉత్తరాది కరువు నేపథ్యంలో, గట్టి రాతిని తొలిచే రిగ్గులను యునిసెఫ్ మనదేశానికి తెప్పించింది. చేదబావులు ఎండిన ఊళ్ళకు బోరు ప్రాణం పోసిందనడంలో సందేహం లేదు. కాని రాతిని తొలిచినంత వేగంగా నీటిని పరీక్షించే ఏర్పాటు పల్లెకు రాలేదు. యంత్రం వచ్చింది, విద్య రాలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆ బడి ముందరి పంపు జాతిలోనే ఉంది. 1970ల చివర భారత ప్రభుత్వం, యునిసెఫ్, మనదేశపు కర్మాగారం కలిసి ఇండియా మార్క్ టూ చేతిపంపును రూపొందించాయి. దాని నమూనాకు పేటెంటు లేదు. ఎవరైనా చేసుకోవచ్చు. అందుకే అది ఆఫ్రికా పల్లెలకూ పోయింది. నీటిలోని విషానికి పంపు బాధ్యురాలు కాదు; దాన్ని విప్పి బిగించే విద్య మాత్రం జనానిదయింది.

ఇక విషాన్ని తీసే విద్య సంగతి. 1970ల మధ్యకాలంలో నాగపూరులోని నీరీ సంస్థ నల్లగొండ పద్ధతిని రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నీటిలో కలియబెట్టి, మడ్డి తేరాక వడగట్టడమే ఆ పద్ధతి. తెలుగు జిల్లా పేరుతోనే అది టాంజానియా, ఇథియోపియాలకు చేరింది. అయితే నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలి. రోజూ పరీక్షించే చేతులు లేనిచోట ఆ పద్ధతీ చతికిలబడుతుంది. బీదదేశం బీదదేశానికిచ్చినా న్యాయం ఒకటే.

నేడు మన పల్లెల్లో డబ్బా నీళ్ళు అమ్ముతున్నారు. ఆ శుద్ధియంత్రానికి గుండెకాయ పలుచని పొర. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో దానికి దారితీసిన ఇద్దరిలో ఒకరు భారతదేశంలో పుట్టిన సౌరిరాజన్. మనవాడి మేధ అక్కడ పొర అయింది. మన కూలివాడు ఇక్కడ నీళ్ళు కొంటున్నాడు. శుద్ధి చేయగా మిగిలిన ఉప్పునీరు, ఫ్లోరైడుతో సహా, మళ్ళీ మన నేల మీదికే పారుతున్నది.

1995లో అమలుకు వచ్చిన ట్రిప్స్ ఒప్పందం 66.2 అధికరణం ఏమంటుంది? అత్యల్పాభివృద్ధి దేశాలకు పరిజ్ఞానాన్ని బదిలీ చేసేందుకు సంపన్న దేశాలు తమ సంస్థలకు ప్రోత్సాహకాలివ్వాలంటుంది. ఆ దేశాల జాబితాలో మనం లేము. టాంజానియా ఉంది. ప్రోత్సాహకం అందేది కంపెనీకి. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయమూ చివరకు దానిదే. పుచ్చుకునేవాడు ఆ వస్తువును తయారు చేయగలడా, బాగుచేయగలడా, తన అవసరానికి మార్చుకోగలడా? ఈ మూడు ప్రశ్నలకు అవునన్న జవాబు లేకుంటే అది బదిలీ కాదు, బేరం.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఫ్లోరైడును రంగుమార్పుతో లెక్కగట్టే పరీక్ష హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. పంపుకు ఎర్రరంగు ఎవరో వచ్చి పూసిపోయారు. ఎందుకు పూశారో ఆ బడి పిల్లలే లెక్కతో సహా చెప్పగలిగిన నాడు యంత్రం వెంట విద్య కూడా ఉదయగిరికి వచ్చిందని ఒప్పుకుంటాను.